అరటి కోల్డ్ రూముకు పాత గుండ్రటి కాగితం రికార్డరు చాలునా, డిజిటల్ లాగరుకు మారాలా?

ప్రశ్న: నార్పల_గెల (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. నార్పల మండలంలో మాకు అరటి ప్యాకింగ్ షెడ్డు, దాని వెనుక రెండు కోల్డ్ రూములు ఉన్నాయి. తోటల నుంచి వచ్చిన గ్రాండ్ నైన్ గెలలను హస్తాలుగా కోసి, కడిగి, పెట్టెల్లో సర్ది, కంటైనరు వచ్చే వరకు 13, 14 డిగ్రీల మధ్య నిలిపి ఉంచడం మా పని. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు అరటితో రైలు వెళ్లిన తరువాత మాకూ ధైర్యం వచ్చి, మూతపడిన ఒక ఐస్‌క్రీమ్ గిడ్డంగి సామాను కొని ఈ గదులు కట్టుకున్నాము. ఆ సామానుతో పాటు వచ్చిందే గది ఉష్ణోగ్రతను నమోదు చేసే మా రికార్డరు.

అది పది అంగుళాల గుండ్రటి కాగితం మీద గీసే యంత్రం. కాగితం ఏడు రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. వెనుక నుంచి ఒక సన్నని లోహపు గొట్టం గోడ గుండా గదిలోకి వెళ్లి, వేలెడంత బల్బుతో ముగుస్తుంది. ప్రతి సోమవారం ఉదయం నేనే కాగితం మార్చి, కీ ఇచ్చి, పెన్నులో సిరా చుక్క వేస్తాను. దానికి కరెంటుతో పని లేదు. మా రాత్రి కాపలా పెద్దాయనకు చదువు రాదు. అయినా కాగితం మీద 15 డిగ్రీల వద్ద నేను ఎర్ర పెన్సిలుతో గీసిన వలయాన్ని టార్చి వేసి చూస్తుంటాడు. పోయిన వేసవిలో ఒక రాత్రి ఒంటి గంట దాటాక ఫోను చేసి, "గీత బయటికి పోతాంది సామీ, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లి చూస్తే, కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్రెసరు ట్రిప్పయి ఆగిపోయి ఉంది. ఆ రోజు గదిలో ఉన్న సరుకు మొత్తం ఆయన వల్ల దక్కింది.

ఇప్పుడు మా సరుకు కొనే ఎగుమతిదారు, ప్రతి కంటైనరుతో పాటు గది ఉష్ణోగ్రతల ఫైలు పంపాలనీ, కాగితం ఫొటో చెల్లదనీ అంటున్నాడు. పరీక్షగా చూద్దామని పెన్నంత ఉండి, ఉష్ణోగ్రతను తనలోనే దాచుకునే యూఎస్‌బీ లాగరు ఒకటి కొని, మొదటి గదిలో వేలాడదీశాను. వారం తరువాత కంప్యూటరుకు తగిలిస్తే సగటు 12.6 డిగ్రీలని చూపింది. అదే వారం మా కాగితం మీద గీత 14 దగ్గర నడిచింది. దాదాపు డిగ్రీన్నర తేడా ఉన్నప్పుడు దేన్ని నమ్మాలో నాకు తెలియడం లేదు. పోయిన సీజనులో కొన్ని పెట్టెల కాయ మాగిన తరువాత పసుపు రంగు తేలకుండా బూడిద చల్లినట్లు ఉందని ఫిర్యాదు కూడా వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పలేను.

పాతదాన్ని తీసివేసి పూర్తిగా డిజిటల్‌కు మారడం మంచిదా, రెండూ ఉంచుకోవాలా? మా షెడ్డులో వేసవి మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, ఏడాది పొడవునా దుమ్ము ఉంటాయన్నది దృష్టిలో పెట్టుకుని అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: ముల్లు_మెకానిక్ (కడప)

నార్పల వారికి నమస్కారం. ప్రెషరు గేజీలు, డయల్ థర్మామీటర్లు, ఇటువంటి చార్టు రికార్డర్లు బాగుచేయడం నా వృత్తి. ఇప్పుడు చేతికి వచ్చే పనిలో సగానికి పైగా డిజిటల్‌వే కాబట్టి, ఏదో ఒక పక్షం వహించి చెబుతున్నానని అనుకోకండి.

దేన్ని నమ్మాలి అని అడిగే ముందు, బల్బు ఎక్కడ ఉంది, లాగరు ఎక్కడ వేలాడుతోంది అన్నది చూడాలి. ఆ రెండూ ఒకే చోట లేకపోతే మీరు పోలుస్తున్నది రెండు యంత్రాలను కాదు, గదిలోని రెండు మూలలను. కోల్డ్ రూములో కూలరు ఫ్యాను ఎదుట ఉన్న గాలికీ, తలుపు పక్కన ఉన్న గాలికీ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉండడం మామూలే.

తరువాత యంత్రాల సంగతి. మీ పాత రికార్డరులో బల్బు, గొట్టం, లోపల చుట్టగా చుట్టిన బోర్డన్ గొట్టం అన్నీ కలిసి ఒకే మూసిన పాత్ర. బల్బులోని ద్రవం వేడికి వ్యాకోచిస్తే చుట్ట విప్పుకుంటుంది, ఆ కదలికే పెన్ను చేతికి అందుతుంది. మధ్యలో ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టే అది కరెంటు లేకుండా, తరాల తరబడి నడుస్తుంది. అయితే ద్రవం బల్బులోనే కాదు, బయట ఉన్న గొట్టంలోనూ చుట్టలోనూ కూడా ఉంటుంది. షెడ్డు 42 డిగ్రీలకు చేరినప్పుడు ఆ భాగం కూడా వ్యాకోచించి, గదిలో ఏమీ మారకపోయినా గీతను కాస్త పైకి నెడుతుంది. మంచి రకాల్లో దీన్ని సరిచేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. చవక రకాల్లో ఉండదు. మీ పాత కాగితాలు తీసి, ప్రతి మధ్యాహ్నం రెండు మూడు గంటలకు గీత ఒకే తీరులో ఉబ్బుతున్నదేమో చూడండి. అలా ఉంటే అది గది వేడి కాకపోవచ్చు, షెడ్డు వేడి కావచ్చు.

ఇంకొక విషయం కాగితం కొలతకు సంబంధించినది. పది అంగుళాల కాగితం మీద గీత మధ్యభాగంలో నడుస్తున్నప్పుడు ఒక చుట్టుకు సుమారు 56 సెంటీమీటర్ల దారి ఉంటుంది. దాన్ని 168 గంటలకు పంచితే గంటకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే పావుగంటలో జరిగినదంతా ఒక మిల్లీమీటరు లోపు ఇమడాలి, సిరా గీత మందమే దాదాపు అంత ఉంటుంది. కంప్రెసరు ఆన్ అయినప్పుడు గాలి ఒక్కసారిగా చల్లబడి మళ్లీ తేరుకోవడం వంటివి ఆ కాగితం మీద కనిపించవు. గీత కొంచెం లావుగా కనిపిస్తుంది, అంతే. పైగా లోహపు బల్బు నెమ్మదిగా స్పందిస్తుంది. ఇది లోపమని నేను అనను. అరటికాయ గుజ్జు కూడా నెమ్మదిగానే చల్లబడుతుంది కనుక, ఒక్కొక్కసారి బల్బు చెప్పేదే కాయకు దగ్గరగా ఉంటుంది. కానీ పెట్టెల మొదటి వరుసకు ఏమి జరుగుతున్నదో అది చెప్పదు.

డిజిటల్ లాగరు పది నిమిషాలకు ఒకసారి చదివేలా పెడితే రోజుకు 144 అంకెలు పోగవుతాయి. 16,000 అంకెల మెమరీ ఉన్నది 111 రోజులు నడుస్తుంది. లోపల ఉండేది సాధారణంగా థర్మిస్టరు, అంటే వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న పూస. గోడకు బిగించే పెద్ద రకాల్లో పీటీ 100 ప్రోబు వస్తుంది. సున్న డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు చూపే ప్లాటినం తీగ అది. డిగ్రీకి 0.385 ఓము మాత్రమే మారుతుంది కాబట్టి, రెండు తీగలతో దూరం నుంచి లాక్కొస్తే ఆ రాగి తీగ నిరోధమే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపించగలదు. గోడ రకం కొనేటట్లయితే మూడు తీగల ప్రోబే అడగండి. దుకాణంలో రెండు తీగలది చేతిలో పెట్టి, రెండూ ఒకటే అంటారు, కావు.

ముందు చేయవలసిన పని ఖర్చులేనిది. ఉప్పు కలవని శుభ్రమైన నీటితో గడ్డకట్టిన ఐసును బాగా నలగగొట్టి, తగినంత మంచినీరు పోసి, ముద్దగా ఒక థర్మాస్ జగ్గులో నింపండి. లాగరును నీరు చొరని సంచిలో కట్టి, బల్బుతో పాటు అందులో ముంచి, కలుపుతూ అరగంట ఉంచండి. రెండూ సున్న చూపాలి. తరువాత బకెట్టు నీటిని 13 డిగ్రీల దగ్గరకు తెచ్చి, సర్టిఫికెట్ ఉన్న గాజు థర్మామీటరు పక్కన పెట్టి మళ్లీ చూడండి. రెండు చోట్లా ఒకే తేడా వస్తే పెన్ను చేతి వద్ద ఉన్న సున్న స్క్రూతో సరిపోతుంది. ఒక చోట ఒకటీ, ఇంకొక చోట మరొకటీ వస్తే లీవరు పొడవు సరిచేయాలి. ఆ పని మీరు చేయవద్దు. స్క్రూ తిప్పే ముందు పెన్ను కాగితానికి గట్టిగా ఒత్తుకుని లేదు కదా అని కూడా చూడండి. ఎక్కువగా నా దగ్గరకు వచ్చే రికార్డర్లలో జబ్బు అదే. ముల్లు కాగితాన్ని గీరుతూ, తాను చేరవలసిన చోటికి చేరకుండానే ఆగిపోతుంది.

జవాబు: పాతగడియారం (అనంతపురం)

పై మిత్రుడు యంత్రం గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను చాలా ఏళ్లు వాతావరణ పరిశీలన పనిలో ఉండి రిటైరయినవాడిని. మా దగ్గర ఉండేది థర్మోగ్రాఫు. రెండు రకాల లోహాల పట్టీలను కలిపి అతికిన ముక్క వేడికి వంగడం, ఆ వంపును పెన్ను డ్రమ్ము మీది కాగితంపై గీయడం దాని పద్ధతి. తెల్ల రంగు వేసిన చెక్క రేకుల పెట్టెలో, తలుపు ఉత్తరం వైపు ఉండేలా పెట్టేవాళ్లం, ఎండ లోపలికి పడకుండా.

ఒక్క మాట చెప్పాలని రాస్తున్నాను. ఆ కాగితం ఎంత అందంగా గీసినా మేము దాన్ని ప్రమాణంగా ఎప్పుడూ తీసుకోలేదు. ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు పక్కనున్న గాజు థర్మామీటరు చదివి, ఆ అంకెను పుస్తకంలో రాసి, అదే నిమిషంలో పెన్నును వేలి కొసతో కొద్దిగా పైకి లేపి వదిలేవాళ్లం. గీత మీద చిన్న నిలువు గుర్తు పడేది. వారాంతంలో ఆ గుర్తుల వద్ద థర్మామీటరు అంకెకూ గీతకూ ఉన్న తేడా చూసి, మిగతా గంటలను దాని ప్రకారం సవరించుకునేవాళ్లం. గడియారం వారానికి పది పదిహేను నిమిషాలు ముందుకో వెనక్కో జరిగినా అదే గుర్తుతో దొరికిపోయేది. మీరు సోమవారం కాగితం వేస్తున్నారు సరే, మధ్యలో ఎప్పుడైనా పక్కన గాజు థర్మామీటరు పెట్టి సరిచూశారా? మీ ప్రశ్నలో ఆ ప్రస్తావన లేదు.

సిరా గురించి ఒక సంగతి. మన అనంతపురం గాలికి మామూలు సిరా సోమవారం వేస్తే బుధవారానికి ఎండిపోతుంది. రికార్డరు సిరాలో గ్లిజరిన్ ఉంటుంది, అది గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. పెన్ను మొనను నెలకు ఒకసారి స్పిరిటుతో కడగండి. ఆషాఢం గాలికి పెట్టె సందుల్లోంచి దూరిన సన్నని దుమ్ము సిరాతో కలిసి జిగురులా మారి, గీత మధ్యలో తెగిపోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకసారి అలా తెగిన గీతను మా కొత్త కుర్రవాడు పెన్సిలుతో కలిపి పెట్టాడు. చాలా చక్కగా కలిపాడు కూడా. పట్టుబడింది ఆ చక్కదనం వల్లనే.

జవాబు: రెండు_ఎనిమిది (కర్నూలు)

నాది టీకాల నిల్వ చూసే ఉద్యోగం. మాకు 2 నుంచి 8 డిగ్రీలు దాటకూడదు. పైకి పోవడం కంటే కిందికి పోవడమే ఎక్కువ భయం, ఎందుకంటే హెపటైటిస్ బి, పెంటావాలెంట్ వంటివి ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు. ఫ్రిజ్‌లో డిజిటల్ లాగరు ఉంటుంది, అయినా రోజుకు రెండుసార్లు చేత్తో రాసే పుస్తకం కూడా ఉంటుంది. కొత్తవాళ్లు ఈ రెండవది దండగ అంటారు. నేను కూడా ఒకప్పుడు అన్నాను.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట లాగరు అలారం మాటిమాటికీ మోగుతున్నదని, దాని శబ్దం ఎవరో ఆపేశారు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, కానీ లాగరు ఫ్రిజ్ లోపల, మూత కింద ఉంది. మూత తీసినవాడికే కనిపిస్తుంది. నెలాఖరున ఫైలు తీస్తే ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఉష్ణోగ్రత పెరగడం మొదలై 11 డిగ్రీల వరకు వెళ్లినట్లు తేలింది. ఆ వేళ డ్యూటీలో ఉన్న మనిషి మూత సరిగా వేయలేదని అందరూ నిర్ధారించుకున్నారు. ఆమె రెండు రోజులు అన్నం మానేసినంత పని చేసింది. తరువాత ఆమే పుస్తకం తీసి, ఆ సాయంత్రం తాను చేత్తో రాసిన అంకెనూ, మరునాటి ఉదయపు అంకెనూ చూపి, లాగరు గడియారం ఐదున్నర గంటలు వెనుక ఉందని పట్టుకుంది. కొన్న రోజున ఎవరూ భారత కాలమానానికి మార్చలేదు. అది గ్రీన్‌విచ్ కాలం చూపుతోంది. ఉష్ణోగ్రత పెరిగింది రాత్రి రెండు గంటలకు, కరెంటు పోయిన వేళ.

కాబట్టి నార్పల వారికి నా సలహా ఇది. డిజిటల్ కొనండి, తప్పదు. కొనేవాడు ఫైలు అడుగుతున్నాడు, అందులో లాగరు నంబరు, తేదీ, సమయం, మార్చడానికి వీలులేని పీడీఎఫ్ ఉంటాయి, కాగితానికి ఆ గౌరవం ఇక రాదు. రవాణా, నిల్వలలో వాడే రికార్డర్లకు ఈఎన్ 12830 అనే యూరోపు ప్రమాణం ఒకటి ఉంది, అది పాటించిన రకమా అని అడగండి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాల నుంచి కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే కొలత సరిచూసిన పత్రం కూడా తీసుకోండి. కానీ మీ కాపలా పెద్దాయన టార్చి వేసి చూసే కాగితాన్ని తీసివేయకండి. ఫైలు తెరిచినప్పుడే మాట్లాడుతుంది. ఆయన అర్ధరాత్రి ఒంటి గంటకే మాట్లాడాడు. సిమ్ పెట్టి ఫోనుకు మెసేజీ పంపే లాగర్లు ఉన్నాయి, డబ్బు ఉంటే అవీ మంచివే; కాకపోతే మీ షెడ్డులో సిగ్నలు ఉందా, సిమ్ రీఛార్జి ఎవరు చూస్తారు అన్నవి ముందే తేల్చుకోండి.

నార్పల_గెల:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న, ఈరోజు కూర్చుని మీరు చెప్పినవన్నీ చేశాను.

ఐసు ముద్దలో రెండింటినీ ముంచితే కాగితం మీద పెన్ను 1 డిగ్రీ దగ్గర నిలిచింది, లాగరు 0.2 చూపింది. 13 డిగ్రీల నీటిలో పెన్ను 14, లాగరు 13.2. అంటే పాతది రెండు చోట్లా ఒక డిగ్రీ ఎక్కువ, కొత్తది 0.2 ఎక్కువ. మధ్యాహ్నం మూడు గంటలకు, షెడ్డు బాగా వేడెక్కాక, ఐసులో మళ్లీ చూశాను. పెన్ను కదిలీ కదలనట్లు ఉంది. కాబట్టి గొట్టం వేడి సంగతి మా యంత్రానికి వర్తించదనుకుంటాను.

ఈ సవరణలు తీసేసినా కాగితం లెక్కన గది 13.0, లాగరు లెక్కన 12.4 అవుతున్నది. మిగిలిన ఆ 0.6 ఎక్కడిదా అని గదిలోకి వెళ్లి చూస్తే సిగ్గేసింది. బల్బు తలుపు పక్కన, ఆ ఐస్‌క్రీమ్ గిడ్డంగివారు బిగించిన చోటనే ఉంది. లాగరును నేను వేలాడదీసినది కూలరు ఫ్యానుకు సరిగ్గా ఎదుట, పెట్టెల మొదటి వరుస మీద. లాగరు ఫైలును సగటు కాకుండా పది నిమిషాల అంకెలుగా విప్పి చూస్తే, కంప్రెసరు నడిచిన ప్రతిసారీ అక్కడ 11.4 వరకు దిగి, ఆగిన తరువాత 13 దాటుతున్నది. కాగితం మీద ఇవేవీ లేవు, మెకానిక్ గారు చెప్పినట్లు గీత కొద్దిగా లావుగా ఉంది, అంతే.

13 డిగ్రీల కంటే చల్లనైతే కాయ తొక్క కింద దెబ్బతిని, మాగినా రంగు రాదని నాకు తెలియనిది కాదు. పోయిన సీజను ఫిర్యాదు వచ్చిన పెట్టెల నంబర్లు పుస్తకంలో వెతికాను. పదకొండు పెట్టెలలో తొమ్మిది ఆ వరుసవే. యంత్రాలు రెండూ తమ దగ్గర ఉన్నదే చెప్పాయి.

ఈ వారం ఫ్యాను ఎదుట గాలి చీలేలా అడ్డు రేకు పెట్టించి, పెట్టెలను గోడ నుంచి అడుగు దూరం జరుపుతున్నాను. గదికి రెండు లాగర్లు కొంటాను, ఒకటి అదే మొదటి వరుసలో, ఒకటి తలుపు దగ్గర. పాతది ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది. పెన్నును ఒక డిగ్రీ దించడానికి స్క్రూ తిప్పమన్నారు కదా, తిప్పితే మా పెద్దాయన ఎర్ర వలయం కూడా జరపాలా?

ముల్లు_మెకానిక్:

పెన్నును సరిచేసిన తరువాత ఇన్నాళ్లూ 14 చూపిన గదికి అది 13 చూపుతుంది. ఎర్ర వలయం 15 వద్దే ఉంటే, నిజంగా 15 అయినప్పుడే గీత దాన్ని తాకుతుంది. ఇంతవరకు 14 కే తాకుతూ వచ్చింది. ఆయన ఆ రాత్రి ఒక డిగ్రీ ముందుగానే పిలిచాడన్నమాట. అలాగే ముందుగా పిలవాలనుకుంటే వలయాన్ని 14 కు లోపలికి జరపండి. స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ పెట్టెను వేలితో మెల్లగా తట్టి, పెన్ను కుదురుకున్నాకే చూడండి. వలయం జరిపిన సంగతి ఆయనకు చీకటి పడక ముందే చెప్పండి.